అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: టీకా రోజే ఆటిజం గుర్తింపు మొదలవ్వాలి

అయ్యా,

16–24 నెలల మధ్య మీజిల్స్-రూబెల్లా రెండో డోసుకు పిల్లలు ఎలాగూ వస్తారు. చిన్నపిల్లల్లో ఆటిజం లక్షణాలను ముందే పసిగట్టే ఎం-చాట్-ఆర్ ప్రశ్నావళిలోని 20 ప్రశ్నలు అప్పుడే తల్లిని అడిగించండి. వేలితో చూపిస్తాడా, పిలిస్తే తిరిగి చూస్తాడా వంటివే అవి.

తప్పు జరిగేది లెక్కింపులో. 2, 5, 12 తప్ప మిగతా ప్రశ్నలకు 'లేదు' అంటే ఒక మార్కు. ఆ మూడింటికి మాత్రం 'అవును' అంటేనే మార్కు. ఇది నేర్పకపోతే ఫలితమంతా తారుమారు.

మొత్తం 3–7 మార్కులు వస్తే, మార్కు పడిన ప్రశ్నలను మళ్ళీ వివరంగా అడగాలి, అప్పటికీ రెండు లేదా అంతకంటే ఎక్కువ మార్కులు మిగిలితే తదుపరి పరీక్షలకు పంపాలి. 8 లేదా అంతకంటే ఎక్కువ వస్తే ఆలస్యం లేకుండా వినికిడి పరీక్షకూ, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికీ పంపాలి. ఇది నిర్ధారణ కాదని తల్లికి చెప్పడం మరవొద్దు.

"మగపిల్లాడు కదా, మాటలు ఆలస్యమే" అని సిబ్బందే సర్దిచెప్పడం దయచేసి ఆపించండి.

ఇట్లు,
పిల్లల ఎదుగుదల కోసం పనిచేసేవాళ్ళం