పట్టీ అంటుతుందా, అంటదా? 37 రోజులుగా అడుగుతున్నా

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ రిపేర్ కిట్టులోని పట్టీ నా బోటు కవరుకు అంటడం లేదని ఫోన్లు చేశాను, మెయిళ్లు పెట్టాను, వాట్సాప్‌లో ఫోటోలు పంపాను. ఏదీ మీ దాకా రాలేదని అర్థమైంది. అందుకే స్పీడ్ పోస్టులో ఈ ఉత్తరం పంపిస్తున్నాను. సంతకం పెట్టి తీసుకుంటారు కదా, అప్పుడైనా ఎవరో ఒకరు చదువుతారని ఆశ.

మాది నల్లగొండ జిల్లా నేరేడుగొమ్ము మండలం. సాగర్ బ్యాక్‌వాటర్‌లో చేపలు పట్టుకొని బతుకుతాం. నాకు ఒక ఫైబర్ బోటు, దానికొక ఇంజిను ఉన్నాయి. వాటి మీద కప్పేది మీ కంపెనీ కవరే. మే నెలలో గాలిదుమారం వచ్చిన రాత్రి తాడు తెగి కవరు కొట్టుకున్నది. ఇంజిను హ్యాండిల్ తగిలి జానెడు చిరిగింది. అందులో మీ తప్పు ఉందని నేను ఏ రోజూ అనలేదు, ఇప్పుడూ అనను. గాలికి చిరగని గుడ్డ ఉండదు. నా బాధ ఆ తర్వాత జరిగిన దాని గురించి.

మీ దగ్గరే 640 రూపాయలు పెట్టి పట్టీలు, గమ్ము ఉన్న రిపేర్ కిట్టు తెప్పించాను. మా కవర్లకు పనికొస్తుందని డబ్బా మీద మీరే రాశారు. డబ్బా వెనుక బొమ్మల్లో ఎట్లా చూపించారో అట్లాగే చేశాను. చిరుగు చుట్టూ స్పిరిట్‌తో తుడిచాను. పట్టీని అన్ని వైపులా రెండంగుళాలు ఎక్కువ ఉండేటట్టు కోసి, మూలలు లేవకుండా గుండ్రంగా కత్తిరించాను. కవరుకూ పట్టీకీ గమ్ము పూసి, చేతికి జిగటగా తగిలేదాకా ఆగి, మా ఇంటామె చపాతీ కర్రతో గాలి లేకుండా ఒత్తాను. పైన బండరాయి పెట్టి ఒక రోజంతా కదిలించలేదు. మరునాడు రాయి తీసి మూల దగ్గర గోరు పెడితే, అరటిపండు తొక్క వచ్చినట్టు పట్టీ మొత్తం చేతిలోకి వచ్చింది. కవరు మీద గమ్ము మరక కూడా మిగలలేదు. రెండో పట్టీ పెట్టి చూశాను, అదీ అంతే.

అప్పుడు మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ఒకటే ప్రశ్న అడిగాను: ఈ గమ్ము నా కవరుకు అంటుతుందా, అంటదా?

మొదట ఎత్తిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. నేను చెప్పిందంతా విని, "నోట్ చేసుకున్నాను సార్, 48 గంటల్లో మా టీమ్ మీకు కాల్ చేస్తుంది" అన్నది. నాలుగు రోజులు చూసి మళ్లీ చేశాను. ఈసారి ఎత్తిన అబ్బాయి "మీ కారు మోడల్ చెప్పండి సార్" అన్నాడు. బాబూ, ఇది కారు కాదు, బోటు అన్నాను. మళ్లీ మోడలే అడిగాడు. మూడుసార్లు చెప్పినాక వేరే విభాగానికి కలుపుతున్నానన్నాడు. పదకొండు నిమిషాలు పాట వినిపించింది. మధ్య మధ్యలో మీ కాల్ మాకు చాలా ముఖ్యం అని ఒక గొంతు. ఆఖరికి లైన్ కట్ అయింది.

మా దగ్గర సిగ్నల్ సంగతి కూడా మీకు చెప్పాలి. ఎండాకాలం సాగర్ నీళ్లు వెనక్కి పోతే బోట్లు కూడా రోడ్డుకు దూరమైపోతాయి. అక్కడ ఫోన్ పలకదు. నేను గట్టెక్కి, రోడ్డు మీది వేపచెట్టు కిందికి వస్తేనే మాట వినిపిస్తుంది. అందుకే మీ వాళ్లకు ప్రతిసారీ చెప్పాను: పగలంతా నీళ్ల మీద ఉంటాను, సాయంత్రం ఏడు దాటినాక చేయండి అని. మీ వాళ్లు మాత్రం పొద్దున పదకొండు గంటలకే చేశారు. సాయంత్రం గట్టుకు రాగానే మెసేజ్ వచ్చింది: "కస్టమర్ అందుబాటులో లేనందున మీ ఫిర్యాదు ముగించబడింది." ఇట్లా ఒకసారి కాదు, మూడుసార్లు. మూసినప్పుడల్లా కొత్త నంబరు, మళ్లీ మొదటి నుంచి కథ. బిల్లు ఐదుసార్లు పంపాను. ఐదోసారి అడిగినప్పుడు నా గొంతు పెరిగిన మాట నిజం. దానికి ఆ అబ్బాయి "సార్, మీరు అరిస్తే కాల్ కట్ చేస్తాను" అన్నాడు. చేశాడు కూడా. పద్నాలుగు కాల్స్ తేదీలు, సమయాలతో సహా మా పాప లెక్కల నోట్‌బుక్ వెనుక పేజీలో రాసి పెట్టాను.

ఒక మెయిల్‌కు మాత్రం జవాబు వచ్చింది. పట్టీ సరిగా అతికించకపోవడం వల్ల ఊడిపోయి ఉండవచ్చు, సూచనలు పాటించగలరు అని. నా ప్రశ్న చదివిన వాళ్లెవరూ ఆ జవాబు రాయరు. కష్టపడి చేసిన పనిని చేతగానితనం అన్నారు. అన్నిటికన్నా ఆ మాటే నన్ను ఎక్కువ నొప్పించింది.

చివరికి జవాబు ఎవరు చెప్పారో తెలుసా? దేవరకొండలో పంక్చర్ షాపు నడిపే తమ్ముడు. చిరుగు అంచు నుంచి ఒక పోగు లాగి లైటర్ పెట్టాడు. అది కొవ్వొత్తిలాగా కాలుతూ బొట్లు బొట్లుగా కారింది. మీ పట్టీ ముక్కకు పెడితే లైటర్ తీయగానే మంట ఆరిపోయి, ముక్కు మండే వాసన వచ్చింది. "నీ కవరు పాలిథిన్ జాతిది అన్నా, పట్టీ ఏమో పీవీసీ. ఈ సొల్యూషన్ దానికి పట్టదు. కుట్టాలె, లేకుంటే వేడి పెట్టి అతికించాలె" అన్నాడు. రెండు నిమిషాల పని. రూపాయి కూడా తీసుకోలేదు. తయారుచేసిన మీకు తెలియనిది ఆయనకెట్లా తెలిసింది? తెలిసీ చెప్పకపోతే అది ఇంకా పెద్ద తప్పు.

2016 నుంచి మీ కవర్లే కొంటున్నాను. ఇది మూడోది. ఊళ్లో ఇంకో నాలుగు బోట్ల వాళ్లు నా మాట మీదనే మీ దగ్గర కొన్నారు. ఇప్పుడు వాళ్లు వచ్చి "ఏమన్నా, మీ కంపెనోళ్లు ఏమన్నరే?" అని అడుగుతుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను. కొత్తగా కొనేవాళ్లకు ఆఫర్ మెసేజ్‌లు రోజూ వస్తున్నాయి. పాతవాళ్లు చేసే ఫోన్ ఎత్తడానికి మనిషి లేడా?

వానలు మొదలైనాయి. చిరుగులో నుంచి నీళ్లు దిగి ఇంజిను మీద పడుతుంటే యూరియా సంచులు కుట్టి పైన కప్పాను. ఎనిమిది వేలు పెట్టి కొన్న కవరు మీద యూరియా సంచులు.

640 రూపాయల కోసం ఇంత రాయలేదు. అవి తిరిగివ్వాలి, అది వేరే సంగతి. నా కవరు ఎట్లా బాగుచేయాలో తెలిసిన మనిషి ఒకరు నాకు ఫోన్ చేసి చెప్పాలి. వేడితో అతికించడమే దారి అయితే ఆ పని మీరే చేయించాలి. అంటని కిట్టును ఈ కవర్లకు అమ్మడం ఆపాలి. పద్నాలుగు కాల్స్‌కు ఎవరో ఒకరు క్షమించమని అడగాలి.

పదిహేను రోజులు చూస్తాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయిస్తాను, నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు కూడా లేదు. మిగతా నలుగురు కూడా నాతో వస్తామన్నారు. బిల్లు, ఊడిన రెండు పట్టీలు, నోట్‌బుక్ పేజీ అన్నీ భద్రంగా ఉన్నాయి. పట్టీల్లో ఒకటి ఈ ఉత్తరంతోపాటే పెట్టి పంపుతున్నాను. గోరుతో గీకి చూడండి, గమ్ము అంతా పట్టీకే ఉంది.

ఫోన్ చేస్తే సాయంత్రం ఏడు దాటినాక చేయండి.

ఇట్లు,
ఒక బోటు యజమాని,
నేరేడుగొమ్ము మండలం, నల్లగొండ జిల్లా