వార్షిక నివేదిక 2025–26: ఆఫీసు ఫోల్డర్ ఎందుకు తెరుచుకోలేదంటే

గౌరవ సభ్యులకు నమస్కారం.

బోరు మరమ్మతు, వినాయక చవితి ఖర్చులు, పార్కు గేటు రంగులు, వీటి లెక్కలన్నీ జతచేసిన పట్టికలో ఉన్నాయి. సభ్యులు నన్ను ఎక్కువగా నిలదీసింది మాత్రం ఒక్కటే విషయం: "నో డ్యూస్ సర్టిఫికెట్ అడిగితే కంప్యూటర్లో ఫోల్డర్ తెరుచుకోవట్లేదని రెండేసి సార్లు ఎందుకు తిప్పారు?" కార్యదర్శిగా జవాబు చెప్పాల్సింది నేనే. ముందుగా క్షమించండి.

మన ఆఫీసులో ఉన్నవి మూడు కంప్యూటర్లు. మెయింటెనెన్స్ రసీదులు, మినిట్స్, ఫ్లాట్ల వివరాలు అన్నీ ముందు గదిలోని కంప్యూటర్లో ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. మిగతా రెండింటి నుంచి దాన్నే తెరుస్తాం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ముందు గది కంప్యూటర్‌ని అప్‌గ్రేడ్ చేయించాం. కోశాధికారి గారిది మరీ పాతది కావడంతో విండోస్ 11 ప్రో ఉన్న కొత్తది కొన్నాం. కొత్తది పెట్టిన రోజు నుంచే ఆయనకు ఫోల్డర్ రాలేదు.

మొదట కేబుల్‌ని అనుమానించి మార్చాం. డబ్బు దండగ. ఇంటర్నెట్ వస్తోంది, పింగ్ కొడితే అవతలి కంప్యూటర్ పలుకుతోంది, ఫోల్డర్ ఒక్కటే రావట్లేదు. కేబుల్ బాగానే ఉందని అక్కడే తెలియాలి, మాకు తట్టలేదు. పిలిపించిన టెక్నీషియన్ ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే రక్షణ) మొత్తం ఆపేసి చూశాడు. అప్పుడూ రాలేదు. తిరిగి ఆన్ చేయకుండానే వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు గమనించి మేమే ఆన్ చేసుకున్నాం.

తప్పు మన పాత అలవాటుదే. ఆ ఫోల్డర్‌కి పాస్‌వర్డ్ లేదు. ఎవరైనా గెస్ట్‌గా లోపలికి వెళ్ళొచ్చు, 'ఎవ్రీవన్'కి పూర్తి హక్కులు. విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్ ఇలాంటి గెస్ట్ ప్రవేశాన్ని డిఫాల్ట్‌గానే అడ్డుకుంటుంది. సెట్టింగ్ మార్చి ఆ అడ్డు తీసేద్దామని ఒక సభ్యుడు సలహా ఇచ్చారు. కమిటీ ఒప్పుకోలేదు. 2017 మేలో వనాక్రై వైరస్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది ఈ ఫైల్ షేరింగ్ పాత పద్ధతి ఎస్ఎంబీ1లోని లోపం పట్టుకునే. మన ఫోల్డర్‌లో మీ ఫోన్ నంబర్లు, అద్దె ఒప్పందాల కాపీలు ఉన్నాయి.

అందుకే ముందు గది కంప్యూటర్లో ముగ్గురికి మూడు అకౌంట్లు, మూడు పాస్‌వర్డ్‌లు పెట్టాం. అయిపోయిందనుకున్నాం. కోశాధికారి గారు పాస్‌వర్డ్ అడిగిన చోట రోజూ వాడే పిన్ కొడుతూ కూర్చున్నారు. పిన్ ఆయన కంప్యూటర్ వరకే పనిచేస్తుంది, నెట్‌వర్క్‌లో పాస్‌వర్డే కావాలి. పైగా ఆ కుస్తీలో క్రెడెన్షియల్ మేనేజర్‌లో (విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే చోటు) తప్పు వివరాలు సేవ్ అయి ఉన్నాయి. వాటిని తీసేశాక ఫోల్డర్ తెరుచుకుంది.

రసీదు మాత్రం సేవ్ కాలేదు! ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ ట్యాబ్‌లో మార్చే హక్కు ఇచ్చాం, పక్కనున్న షేరింగ్ ట్యాబ్‌లో చదివే హక్కే ఉంది. నెట్‌వర్క్ నుంచి వచ్చేవారికి రెండింటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. ఈ ఒక్క ముక్క కనిపెట్టడానికి ఒక సాయంత్రం, రెండు రౌండ్ల టీ పట్టాయి. (టీ ఖర్చు సంఘం ఖాతాలో రాయలేదు.)

తర్వాత రౌటర్ మార్చినప్పుడు ముందు గది కంప్యూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) మారి షార్ట్‌కట్‌లు పోయాయి, నెట్‌వర్క్ ప్రొఫైల్ 'పబ్లిక్'లోకి, అంటే మిగతా కంప్యూటర్లను లోపలికి రానివ్వని సెట్టింగ్‌లోకి వెళ్ళింది. ఈసారి గంటలో తేలింది. ఆ అడ్రస్ ఇక మారకుండా రౌటర్‌లోనే రిజర్వ్ చేశాం, ప్రొఫైల్ 'ప్రైవేట్' చేశాం.

ముందు గది కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్తే మిగతా ఇద్దరి పనీ ఆగుతుంది కాబట్టి ఆఫీసు వేళల్లో దాన్ని ఎవరూ ఆపొద్దని కాగితం అంటించాం. ఫోల్డర్ మొత్తం ఇప్పటికీ ఒకే డిస్క్‌లో ఉంది. బ్యాకప్ కోసం ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనే ప్రతిపాదనను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాం.

నో డ్యూస్ సర్టిఫికెట్ ఇంకా అందనివారు ఆఫీసు వేళల్లో రండి, అప్పటికప్పుడే ప్రింట్ తీసి ఇస్తాం.

కార్యదర్శి