కేంద్ర పర్యావరణ శాఖ మంత్రి గారికి: అప్పు కాదు, గ్రాంటు అడగండి

అయ్యా,

వరంగల్ జిల్లాలో ఎస్సారెస్పీ కాలువ కింద వరి వేసే రైతును. ఉద్గారాలు తగ్గించుకోవడానికి, వాతావరణ మార్పును తట్టుకోవడానికి 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగన్‌లో జరిగిన వాతావరణ సదస్సులో ధనిక దేశాలు వర్ధమాన దేశాలకు మాటిచ్చాయి. ఆ అంకె 2022లో గానీ దాటలేదు. అందులోనూ ఎక్కువ అప్పులే. అప్పిచ్చి సాయమనడం వాళ్లకే చెల్లింది! 2024లో బాకు సదస్సులో 2035 కల్లా ఏటా 30,000 కోట్ల డాలర్లన్నారు.

నీళ్లు నిలిచిన మడిలో భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది, మధ్యమధ్య మడిని ఆరనిచ్చి మళ్లీ నీళ్లు పెట్టే ఆరుతడితో అది తగ్గుతుంది. సరే. కానీ మా తూముకు షట్టరే సరిగ్గా పడదు. మళ్లీ నీళ్లెప్పుడొస్తాయో తెలియంది పొలం ఎవడు ఆరబెడతాడు? బోరున్నోళ్లదీ అదే తీరు: కరెంటు రాంగనే ఆటో స్టార్టర్ మోటరేస్తది, మడి నిండుతది.

వచ్చే వాతావరణ చర్చల్లో గ్రాంటు కోసం పట్టుబట్టండి. వచ్చినదాంట్లో తూముల మరమ్మతుకు, మడిలో నీటిమట్టం చూసే పైపులకు వాటా రాయించండి.

ఇట్లు,
ఒక వరి రైతు