క్షయ మందులు మధ్యలో మానకుండా చూడాలి

దగ్గు తగ్గగానే క్షయ మందులు మానేసే అలవాటు కోనసీమ పల్లెల్లో ఇంకా పోలేదు. మా ఊరి కొబ్బరి పీచు మిల్లులో పనిచేసే ఒకామె రెండు నెలలకే ఒంట్లో కాస్త సత్తువ రాగానే, మిగిలిన మాత్రల అట్టలను దూలం సందులో దోపి పనికి వెళ్లిపోవడం, సంక్రాంతి దాటేసరికి మళ్లీ మంచం పట్టడం కళ్లారా చూశాను. ఆరు నెలలు ఎందుకు మింగాలో ఆమెకు ఎవరూ విడమరచి చెప్పలేదు (చెబితే అర్థం కాదన్న చులకనే ఇందుకు కారణమని నా అనుమానం). రక్తనాళాల లోపలి గోడపై ఉండే కొన్ని ప్రోటీన్లు తెల్ల రక్తకణాలను పట్టి ఆపి ఊపిరితిత్తుల్లోకి దాటిస్తాయి. ఆ కణాలు క్రిములను చుట్టుముట్టి చిన్న గడ్డ కడతాయి. అయితే వీఈజీఎఫ్ అనే మరో ప్రోటీన్ ప్రభావంతో ఆ గడ్డ చుట్టూ పుట్టే నాళాలు వంకరగా, కారుతూ ఉండడంవల్ల, గట్టు తెగిన పంటబోదె నీరు శివారు చేలకు చేరనట్టే, మందు గడ్డ నడిమధ్యకు సరిగా అందదు. అందుకే దగ్గు తగ్గినా ఆరు నెలలూ మందు మింగాలి. ఆశా కార్యకర్తలు మాత్రలు ఇచ్చేటప్పుడే ఈ సంగతిని బొమ్మ గీసి చెప్పాలి. పీచు మిల్లులు, రైస్ మిల్లుల వద్దే తెమడ పరీక్షలు జరపాలి. 2024 నవంబరు నుంచి నెలకు రూ.1000కి పెరిగిన నిక్షయ్ పోషణ సాయం (క్షయ రోగుల తిండి ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు) మందు మొదలైన నెలలోనే ఖాతాలో పడేలా జిల్లా యంత్రాంగం చూడాలి.

– ఒక పాఠకుడు, అమలాపురం