ఉలవపిండి పొట్లం మీది మాట గురించి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,
నమస్కారాలతో.

గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న విశ్రాంత జీవరసాయన శాస్త్ర అధ్యాపకుణ్ణి. ఈ మధ్య విజయవాడలో కొన్న ఉలవపిండి పొట్లం మీద "క్యాన్సర్‌ను రానివ్వదు, పచ్చిగానే నీళ్లలో కలుపుకొని తాగండి" అని అచ్చువేసి ఉంది. అది పచ్చి అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. అందులో పావువంతు నిజం ఉన్నందువల్లే తమకు రాస్తున్నాను.

పురుగుల జీర్ణరసాలను అడ్డుకోవడానికి అపరాల గింజలు ప్రోటియేజ్ నిరోధకాలను, అంటే ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైములకు అడ్డుపడే పదార్థాలను, తమలో దాచుకుంటాయి. వాటిలో పేరెన్నికగన్నది బౌమన్-బిర్క్ నిరోధకం. 1946లో సోయాచిక్కుడులో గుర్తించిన ఈ 71 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీను ఒక అంచుతో ట్రిప్సిన్‌ను, మరొక అంచుతో కైమోట్రిప్సిన్‌ను, అంటే రెండు జీర్ణ ఎంజైములను, పట్టి ఉంచుతుంది. ఉలవలు, కందులు, మినుములలోనూ దీని జ్ఞాతులున్నాయి. రేడియేషన్‌కు గురైన ఎలుక కణాలు క్యాన్సర్ లక్షణాలు సంతరించుకోకుండా ఇది ప్రయోగశాల పాత్రలలో అడ్డుకుంది, అందుకు కైమోట్రిప్సిన్ అంచే ముఖ్యమని కూడా తేలింది. అయితే నోటిలో క్యాన్సర్‌గా మారే అవకాశమున్న తెల్లమచ్చలు గల రోగులకు ఇచ్చినప్పుడు, తొలి చిన్న పరీక్షలో కొందరికి మచ్చలు తగ్గినా, ఉత్తుత్తి మందుతో పోల్చి చేసి 2013లో ప్రచురించిన పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పొట్లం మీద ఈ సగం లేదు. పచ్చి సోయాపిండి తిన్న ఎలుకలకు క్లోమం ఉబ్బిన సంగతీ లేదు.

పొగాకు బోర్డు ఉన్న ఊరు మాది. ఖైనీ నమిలే మనిషి ఈ పిండి తాగి, ఇక భయం లేదనుకుంటే ఆ తప్పు ఎవరిది?

కనుక ఇలాంటి రాతలకు ఆధారం చూపమని అమ్మకందారులను అడిగి, చూపలేనివారి పొట్లాల మీద నుంచి వాటిని తొలగింపజేయవలసిందిగా ప్రార్థన. దానితోపాటు ఒక చిన్న పరిశోధనకు నిధులు మంజూరు చేయండి. గంధకపు పరమాణువుల మధ్య ఏర్పడే ఏడు డైసల్ఫైడ్ బంధాల బిగువు వల్ల ఈ నిరోధకం వేడికి తొందరగా లొంగదు. మరి గంటల తరబడి మరిగించే మన ఉలవచారులో, కుక్కర్‌లో ఉడికిన కందిపప్పులో అది ఎంత మిగులుతుంది, మిగిలినది నోటి కణాలపై ఏమైనా చేస్తుందా? అపరాల రకాలు గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో ఉన్నాయి, వైద్య కళాశాల మా ఊళ్లోనే ఉంది. ఫలితం లేదని తేలినా ప్రకటించాలనే షరతు ఆ మంజూరు ఉత్తర్వులోనే ఉండాలని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు