మోకాళ్లకు విశ్రాంతి ఒక్కటే మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

“గుజ్జు అరిగిపోయిందమ్మా, ఇక మెట్లెక్కకండి, కింద కూర్చోకండి, విశ్రాంతి తీసుకోండి” అనే మాట అరవై దాటినవారున్న ఇళ్లలో ఏదో ఒకనాడు వినిపించేదే. నాకు అరవై అయిదో ఏట వినిపించింది. ఆ మాటను శిరసావహించి ఏడాదిన్నర పాటు మంచానికీ పడక కుర్చీకీ మధ్య కాలం గడిపిన నేను, చివరికి చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేని స్థితికి వచ్చాను. నొప్పి తగ్గకపోగా, తొడలు సన్నబడి, నడుస్తుంటే కాలు తడబడి పడిపోతానేమోనన్న కొత్త భయం పట్టుకుంది. ఇదే సలహాను పాటిస్తున్నవారు నా ఈడువారిలో ఎందరో కనిపిస్తున్నందున ఈ లేఖ రాస్తున్నాను.

కీలులో ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థికి, అంటే మనం వాడుకలో గుజ్జు అంటున్నదానికి, రక్తనాళాలు ఉండవు. అడుగు వేసినప్పుడు నొక్కుకుపోయి, అడుగు తీసినప్పుడు చుట్టూ ఉన్న ద్రవాన్ని పీల్చుకుంటూ, ఆ ద్రవం నుంచే అది పోషణ పొందుతుంది. కనుక కదలిక లేని కీలుకు తిండి కూడా సరిగా అందదు. అంతకంటే ముఖ్యమైనది తొడ ముందు భాగంలోని కండరం. మెట్లు దిగేటప్పుడు, కుర్చీలో కూర్చునేటప్పుడు శరీరం బరువును నెమ్మదిగా దించి మోకాలికి కుదుపు తగలకుండా కాచేది అదే. వాడకపోతే ఆ కండరం కొద్ది వారాల్లోనే బలహీనపడి, అది మోయవలసిన భారం కూడా కీలు మీదే పడుతుంది. నొప్పి పుట్టిందని కదలకపోవడం, కదలనందున బలం తగ్గడం, బలం తగ్గినందున నొప్పి పెరగడం, ఇలా ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. వ్యాయామంతో అరిగిన గుజ్జు తిరిగి పుట్టుకొస్తుందని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. తగ్గేది నొప్పి, పెరిగేది కాలి బలం. ఈ వయసులో మనకు కావలసినవీ అవే.

మా వీధికి కొత్తగా వచ్చిన ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి నన్ను చూసి, “టీచరుగారూ, అరనిమిషంలో చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో చూద్దాం” అన్నది. సీటు మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచితే తప్ప లేవలేకపోయాను, అదీ నాలుగుసార్లే. మంచం మీద పడుకుని కాలు వంచకుండా జానెడు ఎత్తి నిలపడం, మోకాలి కింద చుట్టిన తువ్వాలును నొక్కిపట్టడం, వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, గోడకు వీపు ఆనించి కొద్దిగా మాత్రమే మోకాళ్లు వంచి నిలబడడం నేర్పింది. ఈ చివరిది చేస్తున్నప్పుడు నాకు నవ్వాగలేదు. ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో అల్లరి పిల్లలకు నేను శిక్షగా వేసిన గోడకుర్చీకి ఇది తమ్ముడు! మూడు నెలలు గడిచేసరికి దిండ్లు లేకుండానే అరనిమిషంలో పదకొండుసార్లు లేవగలిగాను. నొప్పి పూర్తిగా పోలేదు కానీ, ఇప్పుడు గుడి మెట్లు కడ్డీ పట్టుకుని ఎక్కుతున్నాను.

ఇది నా ఒక్కదాని అదృష్టం అనుకోవడానికి వీల్లేదు. 1990లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, సంరక్షణ కేంద్రంలో ఉంటున్న, సగటున 90 ఏళ్ల వయసున్న పదిమందితో ఎనిమిది వారాల పాటు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించగా, దాన్ని పూర్తిచేసిన తొమ్మిదిమందికి బలం సగటున 174 శాతం పెరిగింది. పదిమంది అంటే చిన్న సంఖ్యే అయినా, ఆ వయసులో కండరం స్పందించదన్న అపోహకు అది చాలిన జవాబు. డెన్మార్క్‌లో 2013 నుంచి మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల ఉన్నవారికి వ్యాధి గురించి బోధించి, ఆరు వారాల పాటు దగ్గరుండి వ్యాయామం చేయించే కార్యక్రమం నడుస్తోంది. ఇక “రోజూ నడుస్తూనే ఉన్నాం కదా” అనేవారు గమనించవలసింది ఒకటుంది. 65 దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, రెండు రోజులైనా కండరాల బలానికీ, మూడు రోజులైనా తూలిపోకుండా నిలదొక్కుకునే శక్తికీ వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఉదయపు నడక మంచిదే కానీ, తొడ బలాన్ని అది ఒక్కటే నిలపలేదు.

చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి పుట్టినంత మాత్రాన కీలు చెడిపోతున్నట్లు కాదు. పెరిగిన నొప్పి మర్నాటికి మామూలు స్థాయికి దిగితే కొనసాగించవచ్చు, దిగకపోతే ఆ వ్యాయామాన్ని తగ్గించాలి. కీలు ఎర్రగా వాచి వేడిగా ఉన్నా, జ్వరం ఉన్నా, కాలు హఠాత్తుగా పట్టు తప్పినా, ఈమధ్య పడిపోయి దెబ్బ తగిలి ఉన్నా ముందు వైద్యులకు చూపించవలసిందే. గుండె జబ్బున్నవారు వైద్యుల అనుమతితోనే మొదలుపెట్టాలి. అయితే మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగే నొప్పి మాత్రలు కడుపులో పుండ్లకూ, మూత్రపిండాల దెబ్బకూ దారితీయగలవని తెలిసి కూడా వాటికి భయపడని మనం, కుర్చీలోంచి పదిసార్లు లేవడానికి భయపడడం నాకు ఇప్పటికీ వింతగానే తోస్తుంది.

వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు కేంద్ర ప్రభుత్వం 2010–11లో ప్రారంభించిన జాతీయ కార్యక్రమంలో ఫిజియోథెరపీ కూడా భాగమే. కానీ మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి రెండు బస్సులు మారి జిల్లా ఆసుపత్రికి వెళ్లి వ్యాయామం నేర్చుకోవాలంటే జరిగే పని కాదు. వారంలో ఒక నిర్ణీత రోజున ఫిజియోథెరపిస్టు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చి, పదిమంది పెద్దవాళ్లను కూర్చోబెట్టి నేర్పితే సరిపోతుంది. దానికి యంత్రాలు అక్కరలేదు, గట్టి కుర్చీలు చాలు. పార్కుల్లో పెడుతున్న ఇనుప వ్యాయామ పరికరాలు పడుచువారి కోసమే అన్నట్లుంటాయి. వాటిలో ఒకటి తగ్గించి అయినా, పట్టుకోవడానికి కడ్డీలు, చేతులున్న బల్లలు, ఎగుడుదిగుడు లేని నడకదారి ఏర్పాటు చేయవలసిందిగా పురపాలక అధికారులను కోరుతున్నాను. అక్టోబర్ 1న వృద్ధుల దినోత్సవం నాడు మాకు కప్పే శాలువాల కంటే అవి ఎక్కువ కాలం పనికొస్తాయి.

మీకు కూడా ఒక విన్నపం. పత్రికల ఆరోగ్య పేజీల్లో వ్యాయామం బొమ్మలంటే పాతికేళ్ల అమ్మాయిలు ఒంటికాలి మీద నిలబడి కనిపిస్తారు. కుర్చీ, గోడ, వంటింటి గట్టు ఉంటే చేయగలిగే వ్యాయామాలను నాలాంటి వయసువారి ఫోటోలతో వారానికొకటి చొప్పున వేయండి. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉంటే మరీ మంచిది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తెనాలి