చొక్కా కొనేముందు కెమెరా యాడుందో చూడు

ఒంగోలు

రే మామా,

ఎట్టుండావు? ఉత్తరమంతా ఒకటే గోల పెట్టావు, గేమ్‌లో బొమ్మకి బట్టలు కొనేవాళ్లకి పిచ్చి గదా అని. పిచ్చేం కాదురా. అట్టని అన్ని ఆటల్లోనూ దానికి ఒకటే విలువ ఉండదు. ముందు కెమెరా యాడుందో చూడు. బొమ్మ నీ కళ్లకి కనపడతా ఉంటే అలంకారం కూడా ఆటలో భాగమే. కనపడకపోతే నీ డబ్బుతో ఎదుటోడికి సినిమా చూపించినట్టు.

మన బండలాగుడు పోటీలు చూడు. కొమ్ములకి రంగేసినందుకు బండ అంగుళం ఎక్కువ జరగదు. అయినా ఎద్దుల్ని బోసిగా తోలుకొచ్చేవాడు ఉండాడా? థర్డ్ పర్సన్ ఆటలో, అంటే కెమెరా బొమ్మ వెనకాల ఉండే ఆటలో, నువ్వు ఆ ఎద్దుల వెనకాల ఉరికేవాడివి. గంటలకొద్దీ చూసేది వీపే.

అందుకే బీజీఎంఐ అనే తుపాకుల ఆటలో ఖరీదైన చొక్కా దండగ. లెవెల్ 3 బ్యాగ్ తగిలించగానే వీపు మూసుకుపోద్ది, హెల్మెట్ పెడితే జుట్టు పోద్ది. యూసీ (ఆ ఆటలో చెల్లే డబ్బు) పెట్టి తీరాలంటే బ్యాగ్ స్కిన్ (పైకి కనపడే కొత్త రూపు), ప్యాంటు, బూట్లు చూసుకో. తెల్లవి, మెరిసేవి మాత్రం వద్దు. ఎరాంగెల్ అనే మ్యాప్‌లో గడ్డిలో పడుకుని దాక్కున్నామనుకుంటాం గదా, దూరంగా ఉండేవాడి తెరమీద ఆ గడ్డే ఉండదు. ఫోన్ మీద భారం తగ్గించడానికి దగ్గరి గడ్డి మాత్రమే గీస్తారు. వాడికి చదును నేలమీద మల్లెపూవులా కనపడతావు. నేల రంగుకి దగ్గరగా ఉండే మాసిన రంగులే మేలు. ఇట్టాంటివి చూసినప్పుడే ‘ఉత్త అలంకారమే’ అనే మాట తేలిపోద్ది. వార్‌జోన్ అనే ఇంకో ఆటలో రోజ్ అనే పాత్ర వేసుకునే నల్ల స్కిన్ చీకటి మూలల్లో అసలు ఆనేది కాదు. జనం గొడవ చేస్తే 2021లో దాన్ని కాస్త తేట చేశారు.

సైబర్‌పంక్ 2077 దీనికి తలకిందులు. ఫస్ట్ పర్సన్ ఆట, అంటే కెమెరా బొమ్మ కళ్లలోనే ఉంటది. ముఖం దిద్దడానికి బోలెడు ఏర్పాట్లు. దిద్దాక ఆ ముఖం అద్దంలోనో ఫోటో మోడ్‌లోనో సామాన్ల మెనూలోనో తప్ప పెద్దగా కనపడదు. పైగా 2020లో వచ్చినప్పుడు రక్షణ లెక్క బట్టలకే ముడిపెట్టారు. బలం కోసం పొంతన లేనివి తగిలించుకుని పగటేషగాడిలా తిరగాల్సొచ్చింది. రూపు మార్చుకునే వీలు 2022 ఫిబ్రవరిలో 1.5 ప్యాచ్ (ఆటకి చేసే మార్పుల కట్ట)తో వచ్చింది, బలం ఒకటి రూపం ఒకటి పెట్టుకునే వార్డ్‌రోబ్ 1.6తో వచ్చింది.

ఎల్డెన్ రింగ్‌లో మొహం చెయ్యడం చెప్తా, ఎక్కువమంది చెడగొట్టుకునేది అక్కడే. జరిపే మీటలు, అదే స్లైడర్లు, 0 నుంచి 255 దాకా, నడుమ 128. కళ్లూ ముక్కుతో మొదలెట్టబాక. ముందు ముఖం కొలతలు కుదుర్చుకో, ఒక్కోసారి 10, 15 కంటే జరపకుండా. జరిపిన ప్రతిసారీ బొమ్మని పక్కకి తిప్పి చూడు. ఎదురుగా చూస్తే రాజకుమారుడే, పక్కనించి చూస్తే గడ్డం ఉండదు. మన చామనచాయ కావాలంటే ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ మధ్యరకం, నీలం అన్నిటికన్నా తక్కువ పెట్టు. మూడూ సమానంగా పెడితే బూడిద పూసినట్టుంటది, ఎరుపొక్కటే ఎక్కిస్తే రాగిచెంబు. మొహం చేసే తెరలో వెలుతురు వేరు, బయట ఎండ వేరు, కాబట్టి అక్కడే తుదిమెరుగులంటా గంటలు కూచోబాక. ఆటలో రెన్నాలా అనే రాణిని ఓడించాక ఆమె దగ్గర రూపం ఊరికే మార్చుకోవచ్చు. లార్వల్ టియర్ అనే వస్తువు అడిగేది స్టాట్స్ (బొమ్మ బలాల అంకెలు) మార్చేటప్పుడే. ఇంకోటి, హెల్మెట్ కనపడకుండా దాచే వీలు ఇందులో లేదు. పెడితే ముఖం పాయె, తీస్తే రక్షణ తగ్గె.

కౌంటర్-స్ట్రైక్‌లో కళ్లెదుట ఉండేది తుపాకి, అందుకే జనం దానిమీద పడ్డారు. స్కిన్ ఎంత వాడినా అరగదు. పుట్టినప్పుడే దానికో ఫ్లోట్ అంకె పడుద్ది, తక్కువైతే కొత్తదిలా ఉంటది: 0.07 లోపు ఫ్యాక్టరీ న్యూ, 0.15 నుంచి 0.38 ఫీల్డ్-టెస్టెడ్. ఏడబ్ల్యూపీ అనే తుపాకికి వేసే అసీమావ్ స్కిన్‌కి ఫ్లోట్ మొదలయ్యేదే 0.18 దగ్గర. దాంట్లో ఫ్యాక్టరీ న్యూ అమ్ముతానన్నోడు దొంగే. లోపల ఏ స్కిన్ ఉందో తెలీకుండా డబ్బిచ్చి తెరిచే పెట్టెలు మాత్రం తెరవబాక. చైనాలో బయటపెట్టిన లెక్క ప్రకారం కత్తి వచ్చే అవకాశం 0.26 శాతం, సగటున 385 పెట్టెలకి ఒకటి. అది లాటరీరా, అలంకారం కాదు. నచ్చిన స్కిన్‌నే మార్కెట్లో నేరుగా కొనుక్కోవాల.

మీ తమ్ముడు ఏదో స్కిన్ మీద కన్నేశాడన్నావు. ఏ ఆట, ఏ స్కిన్, తుపాకిదైతే ఫ్లోట్ ఎంత, రాసి పంపు. అందాకా వాడి చేతికి నీ యూపీఐ పిన్ ఇయ్యబాక.

ఇట్లు,
నీ ఒంగోలోడు